చాకు జేబులో పెట్టుకుని దేశం దాటొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

మన డెల్టాలో పెట్టె సర్దడం ఇంటిల్లిపాదీ పని. ఒకరు ఆవకాయ సీసాకి టేపు చుడుతుంటే ఇంకొకరు ఆత్రేయపురం పూతరేకులు ఎక్కడ పెడితే నలగవో చూస్తుంటారు, అన్నీ అయిపోయి జిప్పు వేసేసమయానికి ఎవరో ఒకరు కత్తిపీటో, కొబ్బరి కోరో, మడత చాకో తెచ్చి "ఇది పట్టుకెళ్లనిస్తారా?" అంటారు. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి గల్ఫ్‌కీ, సింగపూర్‌కీ, లండన్‌కీ, అమెరికాకీ వెళ్లేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవే ఇక్కడ రాశాను. రూల్స్ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు మీ ఎయిర్‌లైన్స్ సైటూ, వెళ్లే దేశం కస్టమ్స్ సైటూ ఒకసారి చూసుకోండి.

అవునా కాదా, ఒక్క ముక్కలో చెప్పండి.

ఒక్క ముక్కలో చెబితేనే గొడవలొస్తున్నాయండి. ఇందులో మూడు వేరువేరు ప్రశ్నలున్నాయి. విమానంలోకి ఎక్కనిస్తారా అన్నది ఒకటి. దిగాక ఆ దేశం కస్టమ్స్‌వాళ్లు లోపలికి రానిస్తారా అన్నది రెండోది. అక్కడ వీధిలో జేబులో పెట్టుకుని తిరగొచ్చా అన్నది మూడోది. మనవాళ్లు మొదటిదానికి జవాబు కనుక్కుని, "చెకిన్‌లో వేస్తే ఓకే అన్నారు" అని మిగతా రెండూ వదిలేస్తారు. చెకిన్‌లో వేసిన చాకు లండన్‌లో శుభ్రంగా దిగుతుంది, మర్నాడు అదే చాకు జేబులో ఉంటే పోలీసులు అరెస్ట్ చెయ్యొచ్చు. ఆ మూడింటికీ విడివిడిగా జవాబు వెతుక్కోవాలి.

హ్యాండ్ బ్యాగులో మరీ చిన్నది, వేలెడంత చాకు కూడా కుదరదా?

ఇండియాలో కుదరదు. విమానాల భద్రత నియమాలు పెట్టేది బీసీఏఎస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఎక్కువ ఎయిర్‌పోర్టుల్లో చెక్ చేసేది సీఐఎస్ఎఫ్ అనే కేంద్ర భద్రతా దళం. చాకు అంటే చాకే, పొడవు మీద వాదన పనికిరాదు. కీచైన్‌కి వేలాడే బుల్లి స్విస్ చాకైనా, తాళాల గుత్తిలో మీకే గుర్తులేకుండా ఉన్నదైనా, ట్రేలో వేయగానే స్కానర్‌లో కనపడుతుంది. గోళ్లు కత్తిరించుకునే నెయిల్ కట్టర్‌ని మామూలుగా వదిలేస్తారు, కానీ దానికి చిన్న బ్లేడ్ మడిచి ఉంటే అది కూడా చాకు కిందకే వస్తుంది.

ఈ పట్టింపంతా 2001 సెప్టెంబరు 11 తర్వాతది. ఆ రోజు హైజాక్ చేసినవాళ్లు వాడింది చిన్న చాకులూ, అట్టపెట్టెలు కోసే కట్టర్లూ. అంతకు ముందు అమెరికాలో 4 అంగుళాల లోపు చాకు జేబులో పెట్టుకుని విమానం ఎక్కేవాళ్లు. 2013లో అక్కడి విమానాశ్రయాల భద్రత చూసే టీఎస్ఏ 6 సెంటీమీటర్ల లోపు చాకుల్ని మళ్లీ అనుమతిస్తామని మార్చిలో ప్రకటించింది, విమానాల్లో పనిచేసే సిబ్బంది గట్టిగా అడ్డుపడ్డారు, జూన్‌కల్లా ఆ మాట వెనక్కి తీసుకుంది. అప్పటి వార్త చూసి ఇప్పటికీ "అమెరికాలో చిన్నది ఓకే కదా" అనేవాళ్లున్నారు. కాదండి, అమల్లోకే రాలేదు.

మరి యూరప్‌లో 6 సెంటీమీటర్ల వరకు పర్వాలేదంటారు?

అది నిజమే. యూరోపియన్ యూనియన్ నిషేధ జాబితాలో ఉన్నది 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడే. కెనడా కూడా 2017 నవంబరు నుంచి 6 సెంటీమీటర్ల వరకు ఒప్పుకుంటోంది, అమెరికా వెళ్లే విమానాలకి మాత్రం కాదు. అయితే కాగితం మీద ఇలా ఉన్నా, స్కానర్ దగ్గర ఉన్న మనిషి వద్దంటే వద్దంతే, అక్కడ నిలబడి రూల్ నంబరు చదివితే విమానం మిస్సవుతుంది.

మనకి అసలు తిరకాసు ఇంకోచోట ఉంది. యూరప్ నుంచి ఇంటికొచ్చే మనవాళ్లు చాలామంది దుబాయ్, దోహా, అబుదాబిల్లో విమానం మారతారు, అక్కడ హ్యాండ్ బ్యాగు మళ్లీ స్కాన్ అవుతుంది. జ్యూరిక్ ఎయిర్‌పోర్టులో ముచ్చటపడి కొన్న స్విస్ చాకు అక్కడ ఎవరూ అడ్డు చెప్పకపోయినా గల్ఫ్‌లో డబ్బాలో పడిపోతుంది. కొనాలనుకుంటే ఊళ్లోనే కొని చెకిన్ పెట్టెలో వేసెయ్యండి. ఇంకో సంగతి, విక్టోరినాక్స్‌లో అందరూ కొనే 91 మిల్లీమీటర్ల సైజు చాకుకి పెద్ద బ్లేడ్ సుమారు 7 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే యూరప్ లెక్కలోనూ అది దాటిపోయినట్టే. 58 మిల్లీమీటర్ల బుల్లిదైతే లోపలే.

చెకిన్ పెట్టెలో ఎలా సర్దాలి?

బ్యాగు విప్పి చూసే మనిషి చెయ్యి తెగకూడదు, ఆలోచించాల్సింది అంతే. మడత చాకైతే మడిచి, రబ్బరు బ్యాండు వేసి, గుడ్డలో చుట్టండి. మడవనిదైతే ఒర ఉండాలి, లేకపోతే మందపాటి అట్ట రెండు వైపులా పెట్టి టేపు బిగించండి. పైపైన కాకుండా బట్టల మధ్యలో పెట్టండి, అలాగని సాక్సులో దాచినట్టు దూర్చకండి, దాచారన్న అనుమానం వస్తే ఆ పెట్టె మీద టైమ్ పోతుంది. కొత్తదైతే ప్యాకింగ్ విప్పకుండా బిల్లుతో సహా పెట్టడం మేలు.

పవర్ బ్యాంకు మాత్రం దీనికి తిరగబడి ఉంటుంది, అది చెకిన్‌లో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. కంగారులో ఈ రెండూ తారుమారు చేసి, రెండు చోట్లా ఆగిపోయేవాళ్లని చూస్తూనే ఉంటాం.

రాజమండ్రి నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి మస్కట్ ఒకే టికెట్ మీద ఉంటే పెట్టె నేరుగా వెళ్తుందేమో మధురపూడి కౌంటర్లోనే అడగండి. రెండు టికెట్లు విడివిడిగా తీస్తే శంషాబాద్‌లో పెట్టె తీసుకుని మళ్లీ చెకిన్ చెయ్యాలి. అప్పుడు సామాను సర్దుబాటు చేద్దామని చాకు తీసి చేతి బ్యాగులో పడెయ్యకండి. అమెరికా వెళ్లేవాళ్లకీ ఇదే, మొదట దిగిన ఎయిర్‌పోర్టులో పెట్టె తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాల్సి ఉంటుంది.

సెక్యూరిటీ దగ్గర దొరికితే కేసు పెడతారా?

మన దగ్గర మామూలు చాకుకి సాధారణంగా కేసు దాకా వెళ్లదు. వదిలేసి వెళ్లమంటారు, టైమ్ ఉంటే ఎయిర్‌లైన్స్‌వాళ్లని బతిమాలి చెకిన్‌లో వేయించుకోవచ్చు. అమెరికాలో జరిమానా వేసే అధికారం టీఎస్ఏకి ఉంది. భయపడాల్సింది తూటాల గురించి. ఇంట్లో లైసెన్సు తుపాకి ఉన్నవాళ్లు పాత బ్యాగు అడుగున ఒక్క తూటా ఉండిపోయినా ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. పెద్దాయన బ్యాగు అడిగి తీసుకెళ్తుంటే అన్ని అరలూ దులపండి.

కత్తిపీట, కొబ్బరి కోరు, బొండాలు కొట్టే కత్తి?

కత్తిపీట, కొబ్బరి కోరు వంటింటి సామాను, చెకిన్‌లో వెళ్తాయి. బ్లేడ్‌కి అట్ట కట్టండి, కోరు పళ్లకి పాత టవల్ చుట్టండి, బరువు చూసుకోండి. స్కానర్‌లో కత్తిపీట ఆకారం చూసి ఇదేంటని అడిగితే కూరగాయలు కోసేదని నవ్వుతూ చెప్పండి చాలు. వాడినదైతే బాగా కడిగి ఆరబెట్టండి, ముఖ్యంగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్తుంటే. కొబ్బరి పీచు, మట్టి, ఆకు ముక్క అంటుకుని ఉంటే అక్కడ జీవభద్రత అధికారులు ఊరుకోరు. ఆస్ట్రేలియా దిగేటప్పుడు నింపే కార్డులో ఆయుధాల గురించీ, మొక్కల పదార్థాల గురించీ అడుగుతారు, సందేహం ఉంటే "అవును" అని టిక్ పెట్టి చూపించెయ్యడమే సుఖం.

బొండాల కత్తి మాత్రం వద్దనే చెబుతాను. మెల్‌బోర్న్‌లో ఉన్న అబ్బాయికి మన దింపు కార్మికుల చేతిలో ఉండేలాంటి కత్తి పంపాలనుకుంటారు, బాగానే ఉంది గానీ మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2025 సెప్టెంబరు 1 నుంచి మచ్చెటీల మీద నిషేధం ఉంది. 20 సెంటీమీటర్లు దాటిన పెద్ద కోత కత్తుల్ని మచ్చెటీ కింద లెక్కేస్తారు, వంటింటి కత్తులు ఆ లెక్కలోకి రావు. ఇది కొబ్బరి కోసమే అని అక్కడి పోలీసుకి మన కోనసీమ గురించి చెప్పి ఒప్పించడం అయ్యే పని కాదు. ఇంగ్లాండు, వేల్స్‌లో కూడా 2024 సెప్టెంబరు 24 నుంచి జాంబీ తరహా (భయపెట్టేలా రంపపు పళ్లూ, చిల్లులూ ఉండే) కత్తులు, ఆ తరహా మచ్చెటీలు దగ్గర ఉంచుకోవడమే నేరం.

గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్తున్నాం, కూరగాయల కత్తి తీసుకెళ్లనా అన్నయ్యా?

తీసుకెళ్లకమ్మా. వెళ్లే ఇంట్లో కత్తులు ఉంటాయి, ఇరవై రూపాయల కత్తి కోసం పెట్టె విప్పించుకోవడం దేనికి? కువైట్, దుబాయ్ లాంటిచోట్ల దిగాక బయటికొచ్చే ముందు కూడా కస్టమ్స్‌వాళ్లు సామాను స్కాన్ చేస్తారు. కత్తి కంటే ముందు మసాలా పొట్లాలు చూసుకోండి. గసగసాలు మనకి వంట దినుసు, యూఏఈ, సౌదీల్లో నిషేధించిన మత్తు పదార్థాల లెక్కలోకి వస్తాయి. అమ్మ ప్రేమగా కలిపిన మసాలా పొడిలో అవి ఉన్నాయేమో అడగండి, ఉంటే ఇంట్లోనే వదిలెయ్యండి. చాకు గురించి ఇంత టెన్షన్ పడి గసగసాల దగ్గర ఇరుక్కుంటే జైలుకెళ్లాల్సి వస్తుంది.

సెలూన్ పనికి, టైలర్ పనికి, ఎలక్ట్రికల్ పనికి వెళ్లేవాళ్ల సామాను?

కత్తెరలు, మంగలి కత్తి, విడి బ్లేడ్లు, కట్టర్లు, స్క్రూడ్రైవర్లు మొత్తం చెకిన్‌లోకే. గడ్డం గీసుకునే కార్ట్రిడ్జ్ రేజరు చేతి బ్యాగులో పర్వాలేదు, పాతకాలం రేజరైతే బ్లేడ్ తీసి చెకిన్‌లో వెయ్యండి. అమెరికాలో టీఎస్ఏ 7 అంగుళాల లోపు పనిముట్లనీ, మధ్య సీల నుంచి 4 అంగుళాల లోపు కత్తెరనీ చేతి బ్యాగులో ఒప్పుకుంటుంది, మన దగ్గర బయల్దేరేటప్పుడు ఆ వెసులుబాటు చూపించి వాదించడం దండగ. ఓడల్లో పనికి చేరే కుర్రాళ్లకీ ఇదే, తాళ్లు కోసే కత్తి డెక్కు మీద పనిముట్టే గానీ ఓడ ఎక్కడానికి ముందు విమానం ఎక్కాలి కదా.

యూకేలో చదువుకోవడానికి వెళ్తున్నాను, అక్కడ జేబులో చాకు ఉంచుకోవచ్చా?

మనవాళ్లు ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇంగ్లాండులో కారణం అడగకుండా జేబులో ఉంచుకోనిచ్చేది ఒక్కటే రకం: మడిచేది అయ్యుండాలి, తెరిచాక లాక్ పడకూడదు, పదును అంచు 3 అంగుళాలు దాటకూడదు. లాక్ పడే మడత చాకు ఎంత చిన్నదైనా అక్కడ మడవని కత్తితో సమానం. ఒకే పిడిలో చాకు, పటకారు లాంటివన్నీ ఉండే చాలా మల్టీటూల్స్‌లో బ్లేడ్ లాక్ అవుతుంది, కాబట్టి వాటికీ సరైన కారణం కావాలి. పనికి వెళ్తూ పట్టుకెళ్లడం కారణం కిందకి వస్తుంది, "రాత్రిపూట భయంగా ఉంటుంది, ఆత్మరక్షణకి" అనేది రాదు, ఆ మాట చెబితే మీ కేసు మీరే రాసిచ్చినట్టు. గరిష్ఠ శిక్ష 4 ఏళ్లు. బటన్ నొక్కితే తెరుచుకునేవి, సీతాకోకచిలుకలా రెండు రెక్కల పిడి ఉన్నవీ జేబులోనే కాదు, గదిలో ఉంచుకున్నా నేరం. స్టూడెంటు వీసా మీద ఉన్నవాళ్లకి ఇలాంటి కేసు పడితే ఆ తర్వాత కాగితాలన్నీ కష్టమే. వంటకి కత్తి కావాలంటే అక్కడి సూపర్‌మార్కెట్లో కొనుక్కుని ప్యాకింగ్ విప్పకుండా నేరుగా ఇంటికి తెచ్చుకోండి.

అమెరికాలో అంత పట్టింపు లేదంటారు, నిజమేనా?

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో 5.5 అంగుళాల లోపు చాకు పెద్దవాళ్లు మామూలుగా పెట్టుకు తిరుగుతారు, అది దాటితే బడులు, కాలేజీలు లాంటి చోట్ల నిషేధం. న్యూయార్క్ సిటీలో 4 అంగుళాలు, ఆపైన ఉన్నది బయట పట్టుకు తిరగకూడదు, చిన్నదైనా బయటికి కనపడేలా పెట్టుకోకూడదు. యూనివర్సిటీలకి వాళ్ల సొంత రూల్స్ ఉంటాయి, హాస్టల్ ఒప్పందంలో చూసుకోండి. స్విచ్‌బ్లేడ్ల (బటన్ నొక్కితే తెరుచుకునే చాకుల) దిగుమతి మీద 1958 నాటి ఫెడరల్ చట్టం ఉంది. అందులో ఒంటి చెయ్యి ఉన్నవాళ్లు 3 అంగుళాల లోపుది దగ్గర ఉంచుకోవచ్చని ఒక మినహాయింపు కూడా రాశారు, ఎంత ఆలోచించి రాశారో చూడండి. కారులో కెనడా వైపు దాటేవాళ్లు జాగ్రత్త, బటన్‌తో గానీ చేత్తో విదిలిస్తే గానీ తెరుచుకునే చాకుని అక్కడ నిషిద్ధ ఆయుధంగా లెక్కేసి లాగేసుకుంటారు, అమెరికా షాపులో బిల్లుతో కొన్నదైనా సరే.

సింగపూర్, హాంకాంగ్, జపాన్, జర్మనీ?

సింగపూర్‌లో సరైన కారణం లేకుండా బయట ఆయుధంగా పనికొచ్చేది పట్టుకు తిరగడం నేరం, మలేషియా వైపు నుంచి వంతెన మీద బస్సులో వచ్చినా సామాను స్కాన్ అవుతుంది. హాంకాంగ్‌లో స్ప్రింగు చాకులు, పిడికిలికి తొడుక్కునే ఇనుప ముక్కలు దగ్గర ఉంచుకోవడమే నేరం, విమానం మారడానికి ఆగినవాళ్లని కూడా పట్టుకున్నారు. జపాన్‌లో సరైన కారణం లేకుండా 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడ్ పట్టుకు తిరగకూడదు, అంతకంటే చిన్నది దాచిపెట్టుకున్నా వేరే చట్టం ఉంది. జర్మనీలో ఒంటిచేత్తో తెరిచి లాక్ చేసే చాకులు, 12 సెంటీమీటర్లు దాటిన మడవని కత్తులు బయట పట్టుకు తిరగడం నిషేధం.

పశుపతినాథ్ వెళ్తున్నాం, ఖాట్మండులో ఖుక్రీ (నేపాలీల వంపు కత్తి) కొనుక్కుని తెచ్చుకోవచ్చా?

విమానంలో అయితే చెకిన్‌లోనే. బస్సులో సునౌలీ మీదుగానో రక్సాల్ మీదుగానో వస్తే, సరిహద్దు తెరిచే ఉన్నా సశస్త్ర సీమా బల్ వాళ్లు సామాను చూస్తారు. గుర్తుపెట్టుకోవాల్సిన కొలత మన ఆయుధాల నియమాల్లోనే ఉంది. ఇంటికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకి చేసినవి కాకుండా, బ్లేడ్ 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి, అందులో ఖుక్రీ పేరు పెట్టి మరీ రాశారు. టేబుల్ మీద పెట్టుకునే చిన్న ఖుక్రీ కొనుక్కోండి, బిల్లు పారెయ్యకండి.

యానాం దాటుతుంటే?

సరదాకి అడిగారని తెలుసు. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది, అప్పుడైతే అడగాల్సిన ప్రశ్నే. ఇప్పుడు యానాం నుంచి వచ్చే సంచుల్లో పోలీసులు వెతికేది చాకుల్ని కాదు, సీసాల్ని.

తాతలనాటి బాకు ఉంది, డల్లాస్‌లో మనవడి పెళ్లికి పట్టుకెళ్లాలి.

అది నిజంగా 100 ఏళ్లు దాటినదైతే ఇక్కడే ఆగిపోతుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అలాంటి పాత కళావస్తువుల్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. అంత పాతది కాకపోయినా ఆయుధాల ఎగుమతికి లైసెన్సు కావాలి కాబట్టి పెద్ద కత్తుల జోలికి పోవద్దు. పెళ్లికొడుకు చేతిలో ఉండటానికి పదును లేని అలంకారపు కత్తి డల్లాస్‌లోనే చూసుకోండి. అదే పెళ్లి లండన్‌లో అయితే, 50 సెంటీమీటర్లు, ఆపైన వంపు తిరిగిన కత్తులకి అక్కడ వేరే నిషేధం ఉంది, మతపరమైన వాటికి, కొన్ని ప్రత్యేక సందర్భాలకి మినహాయింపులతో.

సిక్కులకి కృపాణ్‌తో విమానం ఎక్కే వీలుంది కదా, మనకెందుకు లేదు?

అది వాళ్ల మతాచారం మీద ఇచ్చిన మినహాయింపు, బ్లేడ్ 6 అంగుళాలు, మొత్తం 9 అంగుళాలు దాటకూడదు, అదీ దేశం లోపల తిరిగే మన విమానాల్లోనే. విదేశాలకి వెళ్లే విమానానికి వాళ్లకీ లేదు.

చాకు సరే, ఎండుకొబ్బరి?

ఇది అడగని కోనసీమ మనిషి ఉండరు. ఎండుకొబ్బరి చిప్పలకి నూనె ఎక్కువ, వాటంతటవే వేడెక్కి అంటుకునే గుణం ఉన్న సరుకుగా విమాన నియమాల్లో రాసుంది, అందుకే చెకిన్‌లో వద్దంటారు. చాకు వెళ్లే పెట్టెలో కొబ్బరి చిప్ప వెళ్లదు, మన ఊరివాళ్లకి ఇది చెబితే నమ్మరు.

ఎయిర్‌పోర్టుకి వచ్చేశాక జేబులో చాకు ఉందని గుర్తొచ్చింది. ఇప్పుడేంటి?

ఇంకా బయటే ఉంటే, దిగబెట్టడానికి కారు నిండా వచ్చారుగా, వాళ్లలో ఎవరికైనా ఇచ్చెయ్యండి. టెర్మినల్ లోపలికి వెళ్లాక బయటికి రావడం తేలిక కాదు. లోపల ఉండి పెట్టె ఇంకా ఇవ్వకపోతే ఓ పక్కకి వెళ్లి పెట్టె తెరిచి గుడ్డలో చుట్టి పెట్టండి. పెట్టె వెళ్లిపోతే కౌంటర్ దగ్గరికి వెళ్లి నిజం చెప్పండి, చిన్న సంచీలో వేసి ఇంకో లగేజీగా తీసుకుంటారేమో అడగండి, దానికి కట్టించుకునే డబ్బు చాకు ఖరీదు కంటే ఎక్కువైతే అక్కడే వదిలేసి లైన్లోకి వెళ్లిపోండి.